సీనాబంద్ కింద మిగిలిపోయిన మాట

మగవాడి కఫన్ మూడు గుడ్డలు. ఆడదాని కఫన్ ఐదు. ఎక్కువైన రెండిట్లో ఒకటి తలమీద కప్పే ఓఢ్నీ, రెండోది రొమ్ముల మీదుగా చుట్టే సీనాబంద్. గోదావరి జిల్లాల్లో మా ఇళ్ళ ముందునుంచి లేచిన జనాజాల్లో కొన్నిట్లో ఆ సీనాబంద్ కింద ఒక పక్క చదునుగా ఉంది. కొన్నిట్లో మానని పుండు ఉంది. ఆ సంగతి గుసుల్ ఇచ్చిన ముగ్గురు నలుగురు ఆడవాళ్ళకే తెలుసు. వాళ్ళు బయట చెప్పరు. మయ్యత్ ఒంటి మీద కనబడ్డ ఐబును దాచమని దీన్ చెప్పింది గనక చెప్పరు. వాళ్ళ మీద మాకు ఫిర్యాదు లేదు. జబ్బుని ఐబు లెక్కలో ఎవరు కలిపారు? అదీ మా ప్రశ్న. గుసుల్ ఇచ్చే చేతులకు మౌనం ధర్మం. కలం పట్టిన చేతులకు ఆ ధర్మం ఎవరిచ్చారు?

ముస్లిం అస్తిత్వ సాహిత్యం తెలుగులో ముప్ఫై ఏళ్ళు దాటింది. ఆ సాహిత్యం స్మరించుకున్న మరణాలు చాలా ఉన్నాయి. మతకల్లోలంలో పోయినవాళ్ళు, లాకప్పులో పోయినవాళ్ళు, 2002లో గుజరాత్‌లో తగలబడినవాళ్ళు. వీళ్ళ కోసం కవిత్వం రాకపోతే మా బతుకు మాకే ముఖం చూపించేది కాదు. అయితే మా గల్లీల్లో ఏ అల్లరీ లేకుండా, ఏ పోలీసు బండీ రాకుండా, వంటింటి పక్క గదిలో నెలల తరబడి పోతూ పోతూ పోయిన ఖాలాలు, ఫూఫీలు, వదినలు, అమ్మీలు ఈ స్మృతిలోకి ఏ తలుపు గుండా రావాలి? శత్రువు చంపితేనే అది మన మరణమా?

ముందు పేరు దగ్గర ఆగుదాం. మసీదు మైకులో వినపడేది ఇంతే: ఫలానా సాహెబ్ గారి బీవీ ఇంతెఖాల్ అయ్యారు, జోహర్ నమాజ్ తర్వాత జనాజా. లేదా ఫలానా వారి వాలిదా. మొగుడి పేరూ కొడుకు పేరూ మధ్య ఆడమనిషి పేరు జారిపోతుంది. రాజమండ్రి పెద్ద మసీదు మీద 1324 నాటి శాసనం ఉంది. ఏడు వందల ఏళ్ళ కిందట ఆ మసీదు కట్టించినవాడి పేరు ఇవాళ కూడా చదువుకోవచ్చు. ఏడేళ్ళ కిందట పోయిన ఫూఫీ పూర్తి పేరేమిటని ఆమె మనవళ్ళని అడిగి చూడండి. పెద్దబీ అంటారు, లేకపోతే నానీమా అంటారు. కచ్చా ఖబర్ నాలుగు వానాకాలాలకి నల్లమట్టిలో కలిసిపోతుంది. చాలాచోట్ల ఆడవాళ్ళు ఖబరస్తాన్‌కి వెళ్ళే అలవాటే లేదు. తల్లి ఎక్కడ పడుకుందో కొడుక్కి తెలుసు, కూతురికి అన్న చెబితే తెలుస్తుంది. జియారత్, దస్వాఁ, చహలుమ్, బర్సీ... ఫాతెహాలన్నీ సక్రమంగా జరుగుతాయి. పలావు వండుతారు. ఏం జబ్బుతో పోయిందన్న మాట మాత్రం ఆ దస్తర్‌ఖాన్ మీదికి రాదు.

జబ్బుకీ పేరు లేదు. ఉర్దూ మాట్లాడే ఇంట్లో అది 'బడీ బీమారీ'. తెలుగే మాట్లాడే దూదేకుల ఇంట్లో అది 'గడ్డ'. పాతకాలం తెలుగు మాట ఒకటుంది, రాచపుండు. రాచరికం మా ఇళ్ళలోకి అడుగుపెట్టిన దారి బహుశా ఇదొక్కటే.

పేరు లేకపోవడం ఇంటి సిగ్గు మాత్రమే కాదు, సర్కారు లెక్క కూడా అలాగే ఉంది. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. 2020 సంవత్సరానికి దేశంలో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం రాసిచ్చినవి 22.5 శాతం. మిగతావాళ్ళు ఎందుకు పోయారో కాగితం మీద లేదు. అంటే మా నానీమా జబ్బుని ఇంట్లో దాచారు, మసీదులో దాచారు, మునిసిపాలిటీలో ఎవరూ అడగలేదు. ఇక సాహిత్యం ఒక్కటే మిగిలింది.

సాహిత్యం ఏం చేసింది? తెలుగు ప్రబంధం రొమ్ముకి పెట్టినన్ని పేర్లు ఇంకే అవయవానికీ పెట్టలేదు. కుచం, స్తనం, వక్షోజం, పాలిండ్లు, గుబ్బలు. కొండలతో పోల్చింది, బంగారు కుండలతో పోల్చింది, జక్కవపిట్టలతో పోల్చింది. ఇంత పెద్ద నిఘంటువులో ఆ కొండ కింద ఒక బఠాణీగింజంత గట్టిదనం చేతికి తగిలితే ఆడది ఏమని చెప్పుకోవాలో ఆ మాట మాత్రం లేదు. మా ఇంకో వారసత్వం ఉర్దూ గజల్. అది సరిగ్గా ఎదురుదారి పట్టింది. గజల్‌లో సీనా అంటే గుండె, బాధ, ప్రేమ, దాగ్. మగ ఆషిక్ సీనా మీద ఎన్ని మచ్చలైనా ఉండొచ్చు. ఆడదాని సీనా అందులో లేదు. ఒక భాష చూపు తిప్పుకోకుండా చూసింది, ఇంకో భాష పరదా వేసింది. రెండిట్లోనూ ఆ శరీరం లోపల బతుకుతున్న మనిషి మాట్లాడలేదు.

ఆ గోడని మొదట బద్దలు కొట్టింది స్త్రీవాదులు. జయప్రభ 'పైటను తగలెయ్యాలి' రాసినప్పుడు, 1993లో ఓల్గా సంపాదకత్వంలో 'నీలిమేఘాలు' వచ్చినప్పుడు ఎంత గగ్గోలు పుట్టిందో తెలిసినవాళ్ళు ఇంకా ఉన్నారు. బూతు కవిత్వమని తిట్టినవాళ్ళు ప్రబంధాల్ని మాత్రం ఎమ్మే పాఠ్యపుస్తకాల్లో ఉంచారు. ఆ కవయిత్రులకు మేం రుణపడి ఉన్నాం. రొమ్ము అనే మాటని తెలుగు పేజీ మీద తలదించుకోకుండా రాయొచ్చని చూపించారు. అయితే వాళ్ళ పోరాటం ప్రధానంగా మగచూపుతో. పైట వేసుకోమన్నవాడితో, పైట లాగినవాడితో. జబ్బు మగచూపు కాదు. దానికి నిరసన చెబితే వినదు. ఒళ్ళు మనకి ఎదురుతిరిగినప్పుడు ఏ భాషలో మాట్లాడాలన్న ప్రశ్న ఆ దశ కవిత్వం మధ్యకి రాలేదు. శరీరం మీద హక్కు గురించి రాసిన చోట శరీరం చెయ్యిచ్చిన రోజు గురించి కూడా రాయాల్సింది.

ఇక ముస్లింవాదం. ఇక్కడ మా విమర్శ గట్టిగానే ఉంటుంది. మా సాహిత్యం తన పెద్ద ప్రతీకల్ని ఒంటి మీంచే తీసుకుంది. ఖాదర్ మొహియుద్దీన్ 1991లో 'పుట్టుమచ్చ' రాశారు. చరిత్ర మా ఒంటి మీద పెట్టిన అనుమానపు గుర్తుకి అంతకన్నా మంచి పేరు దొరకదు. 1998లో 'జల్‌జలా' వచ్చింది. షాజహానా కవితా సంపుటి 'నఖాబ్' 2005లో వచ్చింది. ముస్లిం స్త్రీ తన నోటితో, ఇంటి మగవాడితోనూ బయటి హిందూత్వతోనూ ఒకేసారి తగువు పెట్టుకున్న పుస్తకం అది. పుట్టుమచ్చ, నఖాబ్. ఒకటి చర్మం మీద, ఒకటి ముఖం మీద. చర్మం కింద ఏముందో అడిగే దాకా మా విమర్శకులు వెళ్ళలేదు. ముస్లిం స్త్రీ అనగానే బురఖా, తలాక్, నలుగురు పెళ్ళాలు. ఈ మూడింటి మీద వాదించడానికి బయటివాళ్ళకి ఎంత హుషారో, జవాబు చెప్పడానికి మావాళ్ళకీ అంతే హుషారు. ఆమె ఒంటి మీద ఇంతమంది ఇన్ని రకాలుగా కొట్లాడుకుంటే, ఆ ఒంటికి నొప్పి ఎక్కడ అని అడిగే మనిషి కరువయ్యాడు.

అమ్మ మీద కవితలు లెక్కలేనన్ని. మా కవుల అమ్మీజాన్ జానెమాజ్ మీద ఉంటుంది, పొయ్యి దగ్గర ఉంటుంది, కుట్టుమిషన్ మీద ఉంటుంది, ఖురాన్ చదువుతూ కళ్ళు తుడుచుకుంటుంది. ఆమె చేతి రొట్టె వాసన ప్రతి సంకలనంలోనూ వస్తుంది. ఆమెకి జబ్బు చేసినా అది పేదరికానికి గుర్తుగానే చేస్తుంది, జబ్బుగా చెయ్యదు. మా ఇళ్ళల్లో ఒక ఆనవాయితీ ఉంది. తల్లి ఆఖరి ఘడియల్లో ఉంటే కొడుకులు ఒక్కొక్కళ్ళే మంచం దగ్గరికొచ్చి 'అమ్మీ, దూద్ బఖ్ష్ దో' అంటారు. తాగిన పాల రుణం మాఫీ చెయ్యమని అడుగుతారు. ఆమె తల ఊపుతుంది. ఊపకుండా పోయిన తల్లి ఉంటుందా? ఈ ఆనవాయితీ గురించి కన్నీళ్ళతో రాయొచ్చు. కానీ ఏ రొమ్ము పాలకి మాఫీ అడుగుతున్నాడో ఆ రొమ్ములోనే రెండేళ్ళుగా గడ్డ పెరుగుతోందని కొడుక్కి తెలియని ఇళ్ళు ఎన్ని! తెలిసినా ఆ మాట పలకలేడు. పాలు పవిత్రం, గడ్డ సిగ్గు. రెండూ ఒకే చోట ఉన్నాయి. అమ్మ కవిత రాసేవాడు ఈ రెంటి మధ్య నిలబడి రాయాలి. ఇప్పటిదాకా పాలవైపే నిలబడ్డాడు.

ఇంకో సంగతి. క్యాన్సర్ అనే మాట మా సాహిత్యంలో లేదా? కావలసినంత ఉంది. మతోన్మాదం దేశానికి పట్టిన క్యాన్సర్. కులం క్యాన్సర్. అవినీతి క్యాన్సర్. మమ్మల్నే ఈ దేశం ఒంట్లో క్యాన్సర్ అని మైకుల్లో తిట్టినవాళ్ళూ ఉన్నారు. అమెరికన్ రచయిత్రి సూజన్ సోంటాగ్ తనకి రొమ్ము క్యాన్సర్ వచ్చాక 1978లో ఒక చిన్న పుస్తకం రాసింది. జబ్బుని ఉపమానంగా వాడటం వల్ల జబ్బుపడ్డ మనిషి మీద ఎంత బరువు పడుతుందో అందులో చెప్పింది. ఆ వాదం మాకు బాగా అర్థం కావాలి. ఉపమానంగా మారి తన్నులు తిన్నవాళ్ళం గదా! సమాజానికి పట్టిందని రాసినప్పుడు సులువుగా వచ్చే మాట, అమ్మకి పట్టిందని రాయాల్సొచ్చేసరికి గొంతులో ఆగిపోతోంది. ఉపన్యాసాల్లో ఉన్న పదం ఇంట్లో లేదు.

సెక్యులర్ మిత్రులు ఇక్కడ ఒక మాట అనబోతారు. "మీ ఆడవాళ్ళు మగ డాక్టరుకి చూపించుకోరు గదండీ, అందుకే ఆలస్యం." ఈ మాటలో సగం నిజం ఉంది. సిగ్గు ఉంది, లేడీ డాక్టరు కోసం ఎదురుచూడటం ఉంది. ఆ సగాన్ని మేం దాచం. మిగతా సగం సంగతి చూడండి. కాకినాడ పెద్దాసుపత్రి మెట్ల మీద కూర్చున్న ఆడవాళ్ళందరూ బురఖాల్లో లేరు. కాపుల ఆడపడుచులున్నారు, రాజుల ఇళ్ళ వాళ్ళున్నారు, మాలపల్లె క్రైస్తవ స్త్రీలున్నారు. వాళ్ళూ ఆలస్యంగానే వచ్చారు. గోదావరి జిల్లాల్లో సంఖ్యకి మేం చాలా కొద్దిమందిమి. ఇక్కడి ఆలస్యమంతా మా పరదా నెత్తిన రుద్దితే లెక్క కుదరదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో ఎప్పుడైనా ఒక్కసారి రొమ్ము పరీక్ష చేయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ఒక్కరు కూడా లేరు, 0.9 శాతం. ఇది ఏ మతం పరదా? ముల్లాలకి కూడా మాకో మాటుంది. తప్పనిసరి అవసరం నిషిద్ధాన్ని కూడా అనుమతిస్తుందన్నది మన ఫిఖాలో చిన్నపిల్లలకి చెప్పే సూత్రం. మదీనాలో రుఫైదా డేరా వేసి గాయపడ్డ మగవాళ్ళకి కట్లు కట్టింది. జుమా ఖుత్బాలో వడ్డీ గురించి, గడ్డం గురించి చెప్పినన్ని సార్లలో ఒక్కసారి ఈ సంగతి చెబితే ఎవరి ఈమాన్ తగ్గుతుంది?

ఆలస్యానికి అసలు కారణాలు రైలెక్కితే తెలుస్తాయి. చాలాకాలం గోదావరి జిల్లాల నుంచి ఈ జబ్బు పట్టుకుని పోవాల్సిన చోటు హైదరాబాద్. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా కూర్చుని పోయి, పొద్దున్నే లక్డీకాపూల్ దిగువన రెడ్‌హిల్స్‌లో ఎమ్మెన్‌జె ఆసుపత్రి ముందు వరసలో నిలబడాలి. రేడియేషన్ అంటే వారాల తరబడి అక్కడే ఉండాలి. ఇంట్లో పిల్లలకి ఎవరు వండుతారు? వెంట వచ్చిన మగవాడి కూలి ఎవరిస్తారు? రెండు కీమోలు చేయించుకుని, వెంట్రుకలు ఊడాక, పెళ్ళి సంబంధాలు చూస్తున్న కూతురు గుర్తొచ్చి మానేసినవాళ్ళున్నారు. తల్లికి ఆ జబ్బని తెలిస్తే కూతురికి సంబంధం తప్పిపోతుంది. ఇది మా ఇళ్ళ సంగతే కాదు, డెల్టా మొత్తం సంగతి. చంక కింద గ్రంథులు తీసేశాక చెయ్యి వాచే వాళ్ళుంటారు. నరసాపురం వైపు లేసు అల్లి బతికే ఇంట్లో ఆ చెయ్యి వాస్తే సంపాదన కూడా ఆగినట్టే. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక డబ్బు సంగతి కొంత మారింది. రేడియేషన్ రాజమండ్రి పరిసరాల్లోనే దొరుకుతోంది. మారినదాన్ని మారిందనే చెబుతాం. మారక ముందు పోయినవాళ్ళ లెక్క ఎవరి దగ్గరుంది?

ఎమ్మెన్‌జె అనే మూడక్షరాల్ని డెల్టాలో అన్ని కులాల వాళ్ళూ పలుకుతారు. ఆ అక్షరాల వెనక ఉన్నది నవాబ్ మెహదీ నవాజ్ జంగ్. హైదరాబాద్ రాష్ట్రంలో మంత్రిగా ఉండగా 1955లో ఆ ఆసుపత్రికి పునాది పడటానికి ఆయనే ఆధారం. తర్వాత 1960లో గుజరాత్‌కి మొదటి గవర్నరయ్యాడు. పేరు పొట్టిదయ్యాక అందులో సాయిబు కనపడడు. ముస్లింలు ఈ దేశానికేం చేశారని అడిగేవాడి తల్లి కూడా ఆ ఆసుపత్రి వరండాలో పడుకుని ఉండొచ్చు.

వైద్యం దూరమైనది రైలు ప్రయాణం వల్ల మాత్రమే కాదు. అమలాపురం, రాజోలు, నరసాపురం, పాలకొల్లు వైపు నుంచి కువైట్‌కీ మస్కట్‌కీ దుబాయ్‌కీ ఇంటిపనికి పోయిన ఆడవాళ్ళు వేలల్లో ఉన్నారు. అన్ని కులాలవాళ్ళూ, వాళ్ళలో మావాళ్ళూ. ఖద్దామా వీసా ఇచ్చే ముందు మెడికల్ చేస్తారు. టీబీ ఉందేమోనని ఛాతీ ఎక్స్‌రే తీస్తారు, ఎయిడ్స్ పరీక్ష చేస్తారు, కడుపుతో ఉందేమో చూస్తారు. యజమాని ఇంటికి ముప్పు తెచ్చే జబ్బులకే ఆ పరీక్ష. ఛాతీని చూస్తారు, రొమ్ముని చూడరు. అక్కడికెళ్ళాక స్నానం చేస్తుంటే గడ్డ తగిలితే, పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో ఉంటే, ఒప్పందం ఇంకా ఏడాదిన్నర ఉంటే, ఆమె ఏం చెయ్యాలి? చాలామంది చేసేది ఓర్చుకోవడమే. ఆమె పంపిన డబ్బుతో ఇంటికి స్లాబు పడుతుంది. గల్ఫ్ కథలు మా సాహిత్యంలో ఉన్నాయి, వాటిల్లో హింస ఉంది, మోసం ఉంది. బాత్రూంలో తలుపేసుకుని చంక కింద తడుముకుంటున్న ఈ మనిషి కథ కోసం మేం వెతుకుతూనే ఉన్నాం.

మరో విచిత్రం చూడండి. ఎల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టాడు, రాజమండ్రిలో చదువుకున్నాడు. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లానికి విరుగుడు పదార్థాలు తయారుచేసింది. వాటిల్లోంచి వచ్చిందే మెథోట్రెక్సేట్. ఆయన 1948లో పోయాడు. 1951లో జేన్ రైట్ అనే నల్లజాతి వైద్యురాలు ఆ మందు రొమ్ము క్యాన్సర్ గడ్డల మీద పనిచేస్తుందని చూపించింది. 1976లో ఇటలీ వైద్యుడు బొనడోనా మూడు మందుల్ని కలిపి ఆపరేషన్ తర్వాత ఇచ్చి ఫలితాలు ప్రకటించాడు. ఆ మూడింటిలో నడిమిది మెథోట్రెక్సేట్. ఆ మందుల కలయిక ఏళ్ళ తరబడి లోకమంతటా లక్షలమంది ఆడవాళ్ళ నరాల్లోకి ఎక్కింది. డెల్టా బిడ్డ చేసిన మందు డెల్టా ఆడవాళ్ళకి చేరేసరికి ఆలస్యమైంది. సుబ్బారావు గారి శతజయంతికి 1995లో తపాలా బిళ్ళ వేశారు, సంతోషం. జేన్ రైట్ పేరు మన పాఠ్యపుస్తకాల్లో పెట్టడానికి ఇంకెన్నేళ్ళు పడుతుంది? మందు చేసిన మగవాడి పేరు దొరుకుతుంది, మందుని రొమ్ము దాకా తెచ్చిన ఆడదాని పేరు వెతుక్కోవాలి.

స్మరణ కూడా తాహతుని బట్టే ఉంది. 1985లో నందమూరి బసవతారకం గారు క్యాన్సర్‌తో పోయారు. అదే 1985లో లాహోర్‌లో షౌకత్ ఖానుమ్ క్యాన్సర్‌తో పోయారు. ఆమె క్రికెటర్ ఇమ్రాన్ ఖాన్ తల్లి. 1994లో లాహోర్‌లో ఆమె పేరుతో ఆసుపత్రి లేచింది. 2000లో హైదరాబాద్‌లో బసవతారకం గారి పేరుతో లేచింది. సరిహద్దుకి చెరోవైపు ఒకే ఏడాది పోయిన ఇద్దరు ఆడవాళ్ళు, వాళ్ళవల్ల ఎందరో బతికారు. ఇవి గొప్ప స్మరణలే. ముఖ్యమంత్రి మొగుడూ ప్రపంచకప్పు గెలిచిన కొడుకూ లేనివాళ్ళకి ఏం కట్టాలి? ఆసుపత్రి కట్టలేం. పుస్తకం కట్టొచ్చు. అది మన చేతిలో పని, మనం చెయ్యని పని.

అక్టోబరు వస్తే గులాబిరంగు రిబ్బన్లు వస్తాయి. చార్మినార్‌కి కూడా గులాబి దీపాలు వేసిన సందర్భాలున్నాయి. ఆ ప్రచారం వల్ల గడ్డ గురించి మాట బయటపడింది, మేం కాదనం. అయితే ఆ వేదికల మీద గెలిచినవాళ్ళే ఉంటారు. చిరునవ్వుతో నిలబడ్డ విజేతలు. ఓడిపోయినవాళ్ళకి అక్కడ కుర్చీ లేదు. 2022 అంచనా ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదిలో ఈ జబ్బు కొత్తగా తేలినవాళ్ళు దాదాపు 1,92,000 మంది, పోయినవాళ్ళు దాదాపు 98,000 మంది. పోరాడి గెలిచింది అని ఒకరిని అంటే, మిగతావాళ్ళు సరిగ్గా పోరాడలేదని చెప్పినట్టేనా? మానాన్నమ్మకి మందే దొరకలేదు, యుద్ధం ఎక్కడ చేసింది?

ఆడ్రీ లార్డ్ ఇక్కడ మాకు దగ్గరి మనిషి. అమెరికాలో నల్లజాతి కవయిత్రి. 1978లో ఒక రొమ్ము తీసేశారు. 1980లో 'ది క్యాన్సర్ జర్నల్స్' అనే పుస్తకం వేసింది. ఖాళీ అయిన పక్క దూది రొమ్ము పెట్టుకోనంది. డాక్టరు దగ్గరికి వెళితే, అలా రావడం మిగతా పేషెంట్ల మనోధైర్యం చెడగొడుతుందని నర్సు మందలించింది. లార్డ్‌కి ఒళ్ళు మండింది. ఇజ్రాయెల్ సేనాని మోషే దయాన్ ఒక కన్ను పోయి నల్ల పట్టీ కట్టుకు తిరిగితే అది వీరత్వం, గాజు కన్ను పెట్టుకోమని ఎవరూ చెప్పలేదే అని అడిగింది. రొమ్ము పోయిన ఆడవాళ్ళు దాచుకుంటూ తిరిగితే ఒకరినొకరు గుర్తుపట్టలేరని, గుర్తుపట్టకపోతే కలవలేరని ఆమె వాదం. 1992లో ఆ జబ్బే ఆమెని తీసుకుపోయింది. ఆమె రాసింది వీరగాథ కాదు. నొప్పి, భయం, కోపం, ఆడవాళ్ళ మీద ప్రేమ, అన్నీ ఉన్నాయి. నల్లదనాన్నీ రొమ్మునీ రెండు పుస్తకాలుగా విడగొట్టలేదు. తెలుగు ముస్లిం రచయిత్రులకి ఈ పుస్తకం చూపించి ఇలా రాయండని చెప్పడం మా ఉద్దేశం కాదు. మా ఆడవాళ్ళు బహుశా అందరి ముందూ ఖాళీ పక్క చూపించుకు తిరగరు, తిరగనక్కర్లేదు. ఓఢ్నీ కింద ఉంచుకునే మాట చెప్పొచ్చు. ఓఢ్నీ నోటికి అడ్డం కాదు.

ఈ జబ్బుతో పోయినవాళ్ళ మీద రాసే కవితని మేం ఎలా తూస్తామంటే, ముందు ఆ మనిషికి పేరుందా చూస్తాం. తర్వాత ఆమెకి తల్లితనం కాకుండా ఇంకేమైనా ఉందా చూస్తాం: ఆమె ఎవరితో తగువు పడేది, ఏ సినిమా పాట కూనిరాగం తీసేది, పులసకి ఎంత బేరమాడేది, ఎవరి పెళ్ళిలో ఎవరి మీద అలిగింది. చివరికి గడ్డ ఉందా చూస్తాం. గడ్డని మొదట ఎవరికి చెప్పింది? అది చాలా ముఖ్యం. మొగుడికి కాదు, ఎక్కువసార్లు తోడికోడలికో పక్కింటావిడకో చెబుతుంది. ఆ పక్కింటావిడ హిందువై ఉండొచ్చు. ఆమె తీసుకొచ్చిన పసరు పట్టీ ఉంటుంది, దర్గా తాయెత్తు ఉంటుంది, చర్చిలో ప్రార్థన నూనె ఉంటుంది. మతసామరస్యం మీద ఇన్ని సభలు జరిగాయి గాని, ఒక ఆడదాని గడ్డ చుట్టూ మూడు మతాల ఆడవాళ్ళు గుసగుసగా కూడిన ఆ మధ్యాహ్నాన్ని ఎవరూ పట్టుకోలేదు. ఆ ముగ్గురూ కలిసి ఆమెని కాలువ దాటించి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి ఉంటే బాగుండేది. తీసుకెళ్ళలేదు. అది కూడా రాయాలి.

బొంబాయి మురికివాడల్లో టాటా మెమోరియల్ ఆసుపత్రి వాళ్ళు 1998లో మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు ఒక అధ్యయనం చేశారు. 1,51,538 మంది ఆడవాళ్ళు అందులో ఉన్నారు. సగం మందికి రెండేళ్ళకోసారి చొప్పున శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు, వాళ్ళూ ఆడవాళ్ళే, చేత్తో రొమ్ము పరీక్ష చేశారు. యంత్రం లేదు, మామోగ్రఫీ లేదు, చెయ్యే. 2021లో ఫలితాలు వచ్చాయి. అన్ని వయసులూ కలిపి చూస్తే తేడా గట్టిగా తేలలేదు. యాభై దాటిన ఆడవాళ్ళలో మాత్రం ఈ జబ్బుతో చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. తెలిసిన ఆడచెయ్యి సకాలంలో తాకితే ఒక ఆయుష్షు నిలబడుతుందన్నమాట.

మా మహల్లాల్లో ఆడవాళ్ళ ఒంటిని సంకోచం లేకుండా తాకే చేతులు ఇప్పటికే ఉన్నాయి. గుసుల్ ఇచ్చే ఆడవాళ్ళవి. ఏ ఇంట్లో పుండు ఎంత లోతున ఉందో, ఎన్ని నెలల నుంచి ఉండుంటుందో వాళ్ళకి తెలిసినంత ఏ రిజిస్టరుకీ తెలియదు. ఎక్కువమందికి చదువు లేదు. రాజమండ్రిలో, కొవ్వూరులో, కాకినాడలో, పాలకొల్లులో వాళ్ళ దగ్గర కూర్చోవాల్సిన పని మా రచయితలకి ఉంది, ముఖ్యంగా రచయిత్రులకి. పోయినవాళ్ళ ఐబు చెప్పమని వాళ్ళని అడగొద్దు, అడిగినా చెప్పరు. ఈ గల్లీలో ఇప్పుడు ఎవరు చెయ్యి పైకెత్తలేకుండా ఉన్నారని అడగండి. ఎవరు ఒక పక్కకే తిరిగి పడుకుంటున్నారని అడగండి. దానికి వాళ్ళు జవాబు చెబుతారు.